ఎండకు పెట్టిన ఫోను

అప్పలనరసమ్మ కుడిచేతి బొటనవేలు నల్లగా ఉంటుంది. జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే రోజుల్లో జీడిరసం అంటి కాలిన మచ్చ అది. పిక్కలు కొట్టడం మానేసి పద్దెనిమిదేళ్లయింది. మచ్చ పోలేదు. గోటి మొదలు నుంచి కణుపు దాకా అలాగే ఉంది.

ఆ వేలితోనే ఆమె పప్పు చూస్తుంది. పలాస ఫ్యాక్టరీలో వేడి గదినుంచి వచ్చిన జీడిపప్పును రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా తిప్పుతుంది. పొట్టు దానంతటది జారితే సరుకు బాగున్నట్టు. జారకపోతే ఇంకా పచ్చి. తిప్పీ తిప్పగానే పప్పు రెండు బద్దలైతే వేడి ఎక్కువ తిన్నట్టు. ఇదంతా ఆమె చూడకుండానే, ఎవరితోనో మాట్లాడుతూనే చేస్తుంది.

ఊరు కొత్తవానిపేట. పలాసనుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో, జీడితోటలు అయిపోయి కొబ్బరితోటలు మొదలయ్యే చోట ఉంటుంది. ఊరి మొదట్లో రేకుల షెడ్డు. అందులో పన్నెండుమంది ఆడవాళ్లు కూర్చుని పప్పుకు పొట్టు తీస్తారు. గుండ్లు ఒక పళ్లెంలో, బద్దలు ఒక పళ్లెంలో, ముక్కలు ఒక పళ్లెంలో వేస్తారు. ఆ పన్నెండుమందికీ మేస్త్రి అప్పలనరసమ్మ. పొద్దున్న వ్యాను దింపిన సంచుల్లో మొదటి సంచి మూతి ఆమే విప్పాలి. మొదటి గింజ ఆమే తిప్పి చూడాలి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆమే చెప్పాలి. మేస్త్రితనం అంటే ఆ ఊళ్లో ఇంతే. ఇంతకన్నా పెద్ద పదవి ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

సముద్రం అక్కడికి మూడు కిలోమీటర్లు. సాయంత్రమయ్యేసరికి గాలిలో చెమ్మ దిగుతుంది. పొట్టు మళ్లీ పప్పుకు అంటుకుంటుంది. అందుకని సంచి విప్పిన సరుకు ఆ రోజే అయిపోవాలి. అయిపోయాక సంచి తిరగేసి దులపాలి. ఎండకు పెట్టాలి. ఆ తర్వాతే అందులో కొత్త సరుకు పోయాలి. అడుగున నాలుగు పాత గింజలు మిగిలితే వాటి చెమ్మ, వాటి పురుగు కొత్తవాటికి అంటుకుంటాయి. పాత సరుకు మీద కొత్త సరుకు పోయకూడదు. ఈ ఒక్క మాటా ఆమె పద్దెనిమిదేళ్లుగా రోజూ చెబుతోంది. ఆమె షెడ్డునుంచి వెళ్లిన సంచి ఒక్కటీ వెనక్కి రాలేదు.

రెండేళ్ల కిందట ఫ్యాక్టరీ ఒక కొత్త పద్ధతి పెట్టింది. పని అయ్యాక మూడు పళ్లేలూ ఫొటో తీసి పంపాలి. ఫొటో చూశాకే సరుకు తీసుకుపోవడానికి వ్యాను కదులుతుంది. అప్పటిదాకా అప్పలనరసమ్మ దగ్గర బొత్తాల ఫోను ఉండేది. సంతరోజు ఛార్జింగ్ పెడితే మళ్లీ సంతదాకా వచ్చేది. దాన్ని పక్కనపెట్టి కాశీబుగ్గ వెళ్లి పెద్ద ఫోను కొనుక్కుంది. నీళ్లలో పడితే పాడవుతుందా అని దుకాణంలో అడిగింది. ఎండకు పెట్టవచ్చా అని మాత్రం అడగలేదు. అది అడగాల్సిన సంగతని ఆమెకు తోచలేదు.

ఇంటికి తెచ్చి ఆ ఫోనును తనకు తెలిసిన పద్ధతిలోనే చూసుకుంది.

ఫోను దానంతటది ఆరిపోయేదాకా ఛార్జింగ్ పెట్టేది కాదు. మూడు శాతం ఉందని ఫోను ఎర్రగా మొత్తుకున్నా లెక్కచేసేది కాదు. ఆ మూడూ అయిపోవాలి. ఒక్కోసారి అవి తొందరగా అయ్యేవి కావు. అప్పుడు పట్టపగలు టార్చిలైటు వేసి గోడకు ఆనించి పెట్టేది. అడుగున మిగిలింది దులపడం అన్నమాట. ఫోను ఆరిపోయాక గోనె పరిచి, ఖాళీ సంచుల పక్కన దాన్ని బోర్లించి ఒక అరగంట ఎండ చూపించేది. తర్వాత బిస్కెట్ డబ్బాలో పెట్టి మూత వేసేది. మూతకు మేకుతో బెజ్జం కొట్టి, అందులోంచి ఛార్జర్ తీగ దూర్చింది. సముద్రపు గాలి తగలకుండా ఈ ఏర్పాటు. నూరు శాతం నిండేదాకా ఫోను ఆన్ చేసేది కాదు. నింపుతున్న సంచిని మధ్యలో కదపకూడదు కదా. నిండాక కూడా ఇంకో గంట ఉంచేది, గట్టిగా కూరినట్టు ఉంటుందని. పని వేళ కూడా ఫోను ఆ డబ్బాలోనే, షెడ్డు అరుగు మీదే ఉండేది. మోగితే లోపలెక్కడో తుమ్మెద తిరిగినట్టు వినిపించేది.

ఆమె భర్త మన్మథరావుకు నలభై కొబ్బరిచెట్లు, ఎకరం జీడితోట ఉన్నాయి. తీరిక కూడా ఉంది. మధ్యాహ్నాలు షెడ్డుకు వచ్చి, డబ్బా మూత తీసి, నవ్వించే వీడియోలు రెండు చూసి ఇచ్చేస్తానంటాడు. ఆ రెండు ఎప్పుడూ రెండు కావు. వెలుతురు చివరిదాకా పెంచి చూస్తాడు. అప్పలనరసమ్మ అడ్డు చెప్పేది కాదు. పాత సరుకు తొందరగా అయిపోతుందని ఆమె ఉద్దేశం.

మొదటి ఏడాది ఇబ్బంది రాలేదు. ఫోను రెండు రోజులకోసారి ఆరిపోయేది. రెండో ఏడాది రోజుకోసారి ఆరిపోసాగింది. తర్వాత ఒక్కోరోజు మధ్యాహ్నం పన్నెండుకే ఆరిపోసాగింది. పన్నెండునుంచి అరగంట ఎండ. ఆపైన నాలుగుదాకా డబ్బాలో ఛార్జింగ్. అంతసేపూ ఫోను ఆఫ్.

ఫ్యాక్టరీ గుమాస్తా లోకనాథ్ ఫోను చేసేది సరిగ్గా రెండు గంటలకు.

ఆ వేళకు వేడి గది తెరుస్తారు. పప్పు బయటికి వస్తుంది. మర్నాడు ఏ ఊరికి ఎన్ని సంచులు పంపాలో లోకనాథ్ అప్పుడే తేల్చుకోవాలి. ఒక మేస్త్రి ఫోను కలవకపోతే తర్వాతి ఊరి మేస్త్రికి చేస్తాడు. అతని తప్పు కాదు. పప్పు ఆగదు.

అలా భాద్రపదంలో ఒకసారి కొత్తవానిపేట సరుకు మందస వైపు వెళ్లిపోయింది. పన్నెండుమంది పొద్దున్నే వచ్చి, ఖాళీ షెడ్డులో కాసేపు కూర్చుని, చీరలు దులుపుకుని వెళ్లిపోయారు. పది రోజులకు మళ్లీ అదే జరిగింది. ఈసారి ఎవరూ కూర్చోలేదు. దుర్గాదేవి అనే ఆవిడ షెడ్డు గుమ్మంలో నిలబడి, మేస్త్రికి ఫోను చేయడంకంటే సముద్రానికి చేస్తే పలుకుతుందని అందరికీ వినబడేలా అంది.

మర్నాడు వ్యానులో లోకనాథ్ స్వయంగా వచ్చాడు. ముప్పైఅయిదేళ్లవాడు. అప్పలనరసమ్మను సొంత అక్కను పిలిచినట్టు అప్పా అని పిలుస్తాడు. మాట మెత్తగానే చెప్పాడు.

"నీ మీద నాకేటి కోపం నేదప్పా. గాని మూడోసారి ఇలాగయితే ప్రమోదిని నెంబరు రాసుకుంతాను. మేస్త్రి కాడ ఫోను పలకాల గదా."

ప్రమోదిని అక్కడే కూర్చుని పొట్టు తీస్తోంది. చేయి ఆగలేదు గానీ తల వంచుకుంది.

ప్రమోదినిది ఇచ్ఛాపురం అవతలి ఊరు. అయిదేళ్ల కిందట కోడలిగా వచ్చింది. తెలుగు కొత్తవానిపేటలో నేర్చుకుంది కాబట్టి కొత్తవానిపేట తెలుగే మాట్లాడుతుంది. కోపం వస్తే ఒడియా. ఆమె ఫోను ఎప్పుడూ ఆరిపోదు. షెడ్డులో పది నిమిషాలు, ఇంట్లో వంట అయ్యేలోపు పావుగంట, రేషన్ డిపోలో వరుసలో నిలబడి అయిదు నిమిషాలు, ఎక్కడ ప్లగ్గు కనిపిస్తే అక్కడ ఛార్జింగ్ పెడుతుంది. నలభై ఉంటే యాభై చేస్తుంది. యాభై ఉంటే డెబ్భై చేస్తుంది. ఆ పని చూస్తే అప్పలనరసమ్మకు ఒళ్లు మండేది. సగం ఉన్న సంచిలో దోసెడు దోసెడు పోసినట్టు ఉండేది. ఒకరోజు అడిగేసింది, పాతది ఉండగానే కొత్తది ఎందుకు పోస్తున్నావని.

"నా ఫోను మేకలాటిదత్తా. అగుపడిన కాడల్లా రెండాకులు మేత్తాది."

"మేకకి కడుపు నిండినట్టు నువ్వెప్పుడైనా సూసినావేటి?"

"కడుపు మాడినట్టు కూడా సూళ్లేదు."

షెడ్డు అంతా నవ్వింది. అప్పలనరసమ్మ కూడా నవ్వింది. అప్పట్లో నవ్వగలిగింది.

ఇప్పుడు లోకనాథ్ మాట చెవిలో ఉండిపోయింది. యాభైఆరేళ్ల వయసులో పదకొండో మనిషి పక్కన పన్నెండో మనిషిగా కూర్చోవడం పెద్ద కష్టమేమీ కాదు. పని అదే. కానీ పొద్దున్నే వ్యాను రాగానే సంచి మూతి మీదికి చేయి వెళుతుంది. పద్దెనిమిదేళ్లుగా వెళ్లిన చేయి. దాన్ని ఎలా ఆపుకోవాలో ఆమెకు తెలియలేదు.

మరుసటి రోజు సరుకు లేని రోజు. ఆటో ఎక్కి కాశీబుగ్గ వెళ్లింది. బస్టాండు దాటాక ఉమాశంకర్ సెల్ దుకాణం. దుకాణం వెడల్పు ఒక మనిషి చేతులు చాచినంత. ఉమాశంకర్ ఫోను వెనక మూత తీశాడు. బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. ఇది వెంటనే మార్చాలి, ఇలాంటిది వాడకూడదు అన్నాడు. కొత్త బ్యాటరీ కోసం డ్రాయరు వెతుకుతూ, ఫోను ఎలా వాడతారు అని మామూలుగా అడిగాడు.

అప్పలనరసమ్మ అంతా చెప్పింది. దాచడానికేమీ లేదు. పైగా తను తీసుకున్నంత జాగ్రత్త ఇంకెవరూ తీసుకోలేదని నమ్మకం. ఆరిపోయేదాకా ఆగడం చెప్పింది. టార్చిలైటు చెప్పింది. గోనె మీద ఎండ చెప్పింది. డబ్బా, మూత, మేకు బెజ్జం చెప్పింది. ఉమాశంకర్ వెతకడం ఆపి స్టూలు మీద కూర్చున్నాడు.

"పిన్నీ, నువ్వు అజాగర్తగా ఉంటే ఇది ఇంకా రెండేళ్లు బతికీసును. ఇన్ని జాగర్తలు దానికి తట్టలేదు."

తర్వాత వివరంగా చెప్పాడు. ఈ బ్యాటరీకి పూర్తిగా ఖాళీ అవడం పడదు. ఎప్పుడూ నిండా ఉండటమూ పడదు. ఇరవైకి దిగగానే పెట్టాలి, ఎనభై అయితే తీసేయవచ్చు. పూర్తిగా నింపితే పేలిపోదు గానీ రోజూ అవసరం లేదు. అన్నిటికన్నా దానికి శత్రువు వేడి. ఎండ తగలకూడదు. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు డబ్బాలో మూసిపెట్టకూడదు, వేడి బయటికి పోదు. ఉత్తప్పుడు కూడా రేకు డబ్బాలో ఉంచకూడదు. లోపలికి సిగ్నల్ సరిగ్గా అందక ఫోను రోజంతా టవరు కోసం వెతుక్కుంటూ ఉంటుంది. ఆ వెతుకులాటకే సగం బ్యాటరీ అయిపోతుంది. తెర వెలుతురు తగ్గించుకోవాలి.

అప్పలనరసమ్మ అన్నీ విని ఒకటే అడిగింది.

"మరి అడుగున మిగిలిపోయిన పాతదో?"

"అందులో పాతదీ కొత్తదీ అని ఉండదు పిన్నీ."

"ఉండకుండా ఎలాగుంటాది?"

ఉమాశంకర్ ఆలోచించాడు. వోల్టు గురించి ఏదో మొదలుపెట్టి ఆపేశాడు. ఉండదంతే అంటూ కొత్త బ్యాటరీ బిగించి ఇచ్చాడు.

ఆటోలో తిరిగి వస్తూ ఆమె ఫోనును ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. కుర్రవాడు మంచివాడే. చేతిపని తెలిసినవాడు. కానీ నిండా నింపకూడదు, పూర్తిగా ఖాళీ చేయకూడదు అంటే, అలాంటి వస్తువు ఏదైనా లోకంలో ఉందా అని ఆమెకు అనుమానం. చెప్పింది సగమే చేద్దామనుకుంది. డబ్బా మానేసింది. ఎండ మానేసింది. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ఆఫ్ చేయడం కూడా మానేసింది, అది లోకనాథ్ కోసం. ఆరిపోయేదాకా ఆగడం, నూరు నిండేదాకా ఉంచడం మాత్రం మానలేదు.

డబ్బా ఖాళీ అయిందని మన్మథరావు సంతోషించి అందులో జంతికలు పోయించాడు. మూతకు బెజ్జం ఉందిగా. మూడో రోజుకు మెత్తబడిపోయాయి.

ఆ వారంలోనే ఒకరోజు వచ్చిన సరుకు తేడాగా ఉంది. అప్పలనరసమ్మ మొదటి సంచి విప్పి మొదటి గింజ తిప్పింది. రెండు బద్దలైంది. రెండో గింజ తిప్పింది. అదీ అంతే. మధ్యాహ్నానికి బద్దల పళ్లెం పొర్లిపోయింది, గుండ్ల పళ్లెంలో అడుగు కనిపిస్తోంది. ఆడవాళ్లు విసుక్కున్నారు. రెండు గంటలకు లోకనాథ్ ఫోను వచ్చింది. ఫోను ఛార్జింగ్‌లోనే ఉంది. తీగ ఊడదీయకుండానే ఆమె చెవికి పెట్టుకుంది. కోపంగా ఉంది కాబట్టి చాలాసేపు మాట్లాడింది.

"పప్పుని కాల్చీసినారు. పూర్తిగా ఆరిపోయిందాకా ఎవులుంచమన్నారు? కొంచెం తడుండగానే తీసీయాల. మరీ తడుంటే బూజు, మరీ ఆరితే బద్ద. నడిమిన ఉండాల. వేడి గది ముందల కూకున్నోడికి అదే గదా పని."

లోకనాథ్ ఏదో సర్దిచెబుతున్నాడు. అప్పలనరసమ్మ వినడం లేదు. చెవి కాలుతోంది. ఫోను తీసి చూసింది. తొంభైఏడు. వెనక్కి తిప్పి బొటనవేలు ఆనించింది. వేడిగా ఉంది. ఆ వేడి ఆమెకు తెలుసు. అప్పుడే గదినుంచి తీసిన, ఎక్కువసేపు ఉంచిన పప్పు వేడి.

తీగ పీకేసింది.

ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ మర్నాటినుంచి ఫోనులో ఇరవై అయిదు ఉండగానే ఛార్జింగ్ పెడుతోంది. ఎనభై దాటగానే తీస్తోంది. తీసేముందు ప్రతిసారీ వెనక వేలు ఆనించి చూస్తోంది. ప్రమోదిని ఇది గమనించింది. ఏమత్తా, నీ ఫోనుకి కూడా మేత అలవాటు చేశావా అని అడిగింది. ఇది మేత కాదు, ఆరబెట్టడం అని అప్పలనరసమ్మ జవాబు. తేడా ఏమిటో ప్రమోదినికి అర్థం కాలేదు. షెడ్డులో మిగతావారికీ అర్థం కాలేదు. ఫోను మాత్రం రాత్రిదాకా వస్తోంది. రెండు గంటలకు రోజూ పలుకుతోంది.

అలా నెల గడిచింది. కార్తీకంలో ఒక సాయంత్రం తూర్పుగాలి లేచింది. తుఫాను కాదు. తుఫాను అంటే ఏమిటో తెలిసిన ఊరు కాబట్టి ఎవరూ కంగారుపడలేదు. ఒక కొబ్బరిమట్ట మాత్రం వెళ్లి కరెంటు తీగల మీద పడింది. ఊళ్లో దీపాలన్నీ పోయాయి. ఆ వేళ అప్పలనరసమ్మ ఫోనులో అరవైనాలుగు ఉంది. పాత పద్ధతిలో అయితే మూడో నాలుగో ఉన్నా ఆశ్చర్యం లేదు.

పొద్దున్నకు గాలి తగ్గింది. కరెంటు రాలేదు. లైనుమేను సోంపేట వైపు వెళ్లాడని, సాయంత్రంలోపు రాడని తెలిసింది. పొద్దున్నే వ్యాను దింపిన సరుకు షెడ్డులో ఉంది. దాని పని ఈరోజు కావాలి. అది అయ్యాక ఫొటో వెళ్లాలి. ఫొటో వెళితేనే వ్యాను వస్తుంది, రేపటి సంచులు వస్తాయి. వెళ్లకపోతే లోకనాథ్ చెప్పిన మూడోసారి ఇదే. కరెంటు లేదంటే అతను నమ్ముతాడు. నమ్మి, పక్క ఊరికి ఫోను చేస్తాడు. తర్వాత కొత్త నెంబరు రాసుకుంటాడు.

ఫోనులో యాభైఎనిమిది.

అప్పలనరసమ్మ నెట్టు ఆపింది. తెర వెలుతురు అడుగుకు దించింది. నడుముకు దోపుకుంటే ఒంటి వేడి తగులుతుందని, గుడ్డసంచిలో వేసి షెడ్డు నీడలో మేకుకు తగిలించింది. మాటిమాటికీ తీసి చూడకూడదనుకుంది. చూస్తే తెర వెలుగుతుంది. వెలిగితే తగ్గుతుంది. కాబట్టి చూడకుండా కూర్చుంది. పొట్టు తీసే పనిలో ఇంత కష్టం ఆమె ఎప్పుడూ పడలేదు.

ఇబ్బంది ఊళ్లోంచి వచ్చింది. రాత్రంతా టార్చిలైట్లకు, మాటలకు మిగతావన్నీ ఆరిపోయి, కొత్తవానిపేటలో ఆ పూట బతికున్న ఫోను అదొక్కటేనని పది గంటలకల్లా అందరికీ తెలిసిపోయింది. దుర్గాదేవి మొగుడు టెక్కలిలో పనికి వెళ్లాడు. అతనికి ఒక్కమాట చెప్పాలి. సముద్రానికి ఫోను చేయమన్న మనిషే వచ్చి చేయి చాచింది. అప్పలనరసమ్మ ఇచ్చింది. ఒక్కమాట ఆరు నిమిషాలు పట్టింది. తర్వాత కొబ్బరికాయల లారీ కోసం ఒకరు, టవరు సరిగ్గా అందని చోటునుంచి అరుస్తూ ఇంకొకరు. మన్మథరావు కూడా వచ్చాడు. గాలి ఎటు పోతోందో వీడియోలో చూపిస్తారట. రెండే చూస్తానన్నాడు. ఆమె తలెత్తి చూసింది. అతను జంతిక నములుతూ వెళ్లిపోయాడు. మెత్తటి జంతిక కాబట్టి చప్పుడు కాలేదు.

ఒంటిగంటన్నరకు మూడు పళ్లేలూ సిద్ధమయ్యాయి. ఫోనులో పదకొండు.

అప్పుడు ప్రమోదిని లేచి వచ్చింది. ఆమె ఫోను రాత్రే ఆరిపోయింది. గాలి వార్త విని ఇచ్ఛాపురం అవతలినుంచి వాళ్లమ్మ వీడియోలో కనిపించి గంటసేపు కదలనివ్వలేదు. మాట మధ్యలోనే తెగింది. మేక కడుపు మాడింది. అప్పటినుంచి అక్కడ ఆ తల్లి ఏమనుకుంటోందో. ప్రమోదిని ఇదంతా చెప్పలేదు. మేకుకు వేలాడుతున్న గుడ్డసంచిని చూసి, అప్పలనరసమ్మను చూసి, మళ్లీ వెళ్లి కూర్చోబోయింది.

పదకొండు అంటే లోకనాథ్ మాటకు నాలుగు, ఫొటోకు మూడు. ఇంకో మూడు నాలుగు మిగలవచ్చు, మిగలకపోవచ్చు. ఫోను పలకకపోతే మేస్త్రితనం వెళ్లేది ఈ పిల్లకే. షెడ్డులో అందరికీ ఆ లెక్క తెలుసు. పొట్టు తీసే చేతులు నెమ్మదించాయి.

"రావే పిల్లా. మీ అమ్మకి సెప్పు. ఏడవకుండా సెప్పు, ఏడిస్తే ఛార్జింగు ఎక్కువ కాలిపోతాది."

ప్రమోదిని మాట్లాడింది. ఒడియాలో ఏమందో ఎవరికీ తెలియలేదు. భొలొ అంటే బాగుండటమని ఊరికి తెలుసు, ఆ మాట మాత్రం మూడుసార్లు వినిపించింది. ఒక నిమిషం కూడా కాలేదు. ఫోను తిరిగి ఇస్తూ చీరచెంగుతో తెర తుడిచింది. తొమ్మిది ఉంది.

రెండు గంటలకు మోగింది. లోకనాథ్ గొంతు విని పన్నెండుమందీ ఒకేసారి ఊపిరి వదిలారు. కరెంటు లేదని అతనికి తెలుసు. ఫోను కలుస్తుందనుకోలేదట. పని అయిందా, ఫొటో పంపగలవా అని అడిగాడు. పంపుతానంది. ఫోను పెట్టేసరికి అయిదు శాతం మిగిలింది.

పళ్లేలు గుమ్మం వెలుతురులోకి లాగారు. అప్పలనరసమ్మ నెట్టు ఆన్ చేసింది. కెమెరా తెరిచింది. తెర నల్లగా ఉంది. వెలుతురు అడుగుకు దించిన తెర, మీద మధ్యాహ్నపు ఎండ. పళ్లేలు కనిపించడం లేదు, బొత్తాము కనిపించడం లేదు, ఏమీ కనిపించడం లేదు. వెలుతురు పెంచితే ఉన్నది పోతుంది. ఫోను పళ్లేల వైపు పెట్టి అంచనా మీద నొక్కింది. క్లిక్ మంది. ఫోనును చెంగు నీడలోకి తెచ్చుకుని, కళ్లు చికిలించి, లోకనాథ్ పేరు వెతికి నొక్కింది. ఒక గీత తిరుగుతోంది. తిరుగుతోంది. తెర ఆరిపోయింది.

వెళ్లిందో లేదో తెలియదు. తెలుసుకునే దారి లేదు. ఊళ్లో ఇంకో ఫోను లేదు. పన్నెండుమందీ ఇంటికి వెళ్లకుండా కూర్చున్నారు. దుర్గాదేవి కూడా వెళ్లలేదు. అప్పలనరసమ్మ సంచులు తిరగేసి దులిపింది. ఎండకు పరిచింది. చేతిలో ఆరిపోయిన ఫోను ఉంది. చేయి అలవాటు మీద దాన్ని కూడా గోనె వైపు తీసుకెళ్లింది. సగంలో ఆగి, వెనక్కి తెచ్చి నీడలో పెట్టింది.

"ఆఖరికి ఖాళీ అయిపోనాది పాపం," అంది.

నాలుగు దాటాక జీడితోటల్లోంచి వ్యాను శబ్దం వచ్చింది. ముందు సీట్లో లోకనాథ్. వెనక రేపటి సంచులు, పొద్దున్న బదులు ఈ పూటే. దిగుతూనే నవ్వుతున్నాడు. తన ఫోను తీసి అందరికీ కనిపించేలా అప్పలనరసమ్మకు చూపించాడు. ఫొటోలో పై మూల గుండ్ల పళ్లెం అంచు కనిపిస్తోంది. బద్దలు లేవు. ముక్కలు లేవు. మిగతా ఫొటో అంతా ఒక బొటనవేలు. గోటి మొదలు నుంచి కణుపు దాకా నల్లటి మచ్చతో.

"పప్పు అగుపడనేదప్పా. ఏలు అగుపడినాది."

"మళ్లీ తీయాలా?"

"అక్కర్నేదు. ఆ ఏలు సూసినాక ఇంక పప్పు సూడ్డమేటి? వ్యానెక్కి వచ్చీసినాను."

అతను ప్రమోదిని నెంబరు అడగలేదు. అప్పలనరసమ్మే చెప్పింది, కింద రాసుకోమని. రెండు ఫోనులుంటే ఒకటైనా పలుకుతుంది, పైన మాత్రం నాదే ఉండాలి అంది. ప్రమోదిని అంకెలు చెప్పింది. చెబుతూ ఒకటి తప్పు చెప్పి, నవ్వి, మళ్లీ చెప్పింది. ఇంతలో సంచులు దిగాయి. అప్పలనరసమ్మ చేయి మొదటి సంచి మూతి మీదికి వెళ్లింది. ముడి విప్పి ఒక గింజ తీసి, మూతి మళ్లీ బిగించి, గింజను తిప్పింది. పొట్టు జారింది. పప్పు గుండుగా నిలిచింది. దాన్ని లోకనాథ్ చేతిలో పెట్టి, నీ ఫోనులో ఎంతుంది అని అడిగింది. ఇరవైరెండు అన్నాడు. వెళ్లగానే ఛార్జింగ్ పెట్టుకో, అంతకన్నా దిగనీయకు అంది.

దీపాలవేళకు ముందే కరెంటు వచ్చింది. ఇంట్లో ఫోనుకు తీగ తగిలించి, పక్కనే బల్ల మీద మూత లేకుండా పెట్టి, అప్పలనరసమ్మ కూర చేసుకుంది. మధ్యలో రెండుసార్లు వచ్చి వెనక వేలు ఆనించి చూసింది. ఎనభై కాగానే తీసింది.

మన్మథరావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెండే అన్నాడు.

వెలుతురు తగ్గించి ఇచ్చింది. అతను అరుగు మీద కూర్చుని ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుని నవ్వుకుంటున్నాడు. ఆమె లోపలినుంచి లెక్కపెడుతోంది. అయిదోది అయ్యాక వెళ్లి తెచ్చుకుంది.